గ్రాఫిక్స్ కార్డ్ తర్వాత కొనొచ్చు, ముందు ఎస్ఎంపీఎస్ సంగతి చూడండి

మా బావమరిది వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపాడు. కోర్ ఐ7, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, రంగురంగుల లైట్ల క్యాబినెట్, 22 ఇంచుల మానిటర్, కీబోర్డు, మౌసు, వైఫై, అన్నీ కలిపి పాతిక వేల లోపు. కింద "తీసుకోమంటావా బావా?" అని ఒక ముక్క.

ఖమ్మంలో అతనికి చిన్న ట్యాక్స్ ఆఫీసు ఉంది. పగలంతా జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ, ఎక్సెల్. సాయంత్రం ఆరు దాటాక ఆ కుర్చీలోకి వాళ్ళమ్మాయి వస్తుంది. బీకాం చదువుతోంది, నాన్నకి ఎంట్రీలు కొట్టిపెడుతుంది. ఆ సాయానికి ప్రతిఫలంగా కొత్త సిస్టమ్‌లో వాలరెంట్, జీటీఏ 5 ఆడుకోనివ్వాలని ఒప్పందం. న్యాయమైన బేరమే.

ఆ ప్రకటనలో రాసినవాటి కంటే రాయనివాటి మీదే నాకు అనుమానం. ఐ7 అన్నాడు, ఎన్నో జనరేషనో చెప్పలేదు. 4 జీబీ కార్డ్ అన్నాడు, దాని పేరు చెప్పలేదు. మదర్‌బోర్డ్ ఊసే లేదు. అమ్మేవాడికి ఫోన్ చేసి అడగమన్నాను. కాసేపటికి జవాబొచ్చింది: ఐ7-3770, హెచ్61 బోర్డ్, జీటీ 730. అంటే ప్రాసెసర్ 2012లో వచ్చింది, కార్డ్ 2014లో వచ్చింది. అబద్ధం ఒక్కటీ లేదు, ఐ7 ఐ7యే. కానీ విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన లెక్క ప్రకారం ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ ఉండాలి, ఇది మూడోది. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే భద్రతా లోపాలు సరిచేసే అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పది మంది క్లయింట్ల పాన్ నంబర్లు, పాస్‌వర్డులు, డిజిటల్ సిగ్నేచర్ డాంగిళ్ళు ఉండే ఆఫీసులో అలాంటి సిస్టమ్ పెట్టుకోమని నేను చెప్పలేను. ఇక అమ్మాయి సంగతి: విండోస్ 11ని ఏదోలా ఎక్కించినా, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు లేకపోతే వాలరెంట్ అసలు తెరుచుకోదు.

అక్కడే ఈ వ్యాసం మొదలైంది. తక్కువ డబ్బుతో డెస్క్‌టాప్ కట్టించుకునేవాళ్ళు డబ్బంతా ప్రకటనలో కనిపించే పేర్ల మీద పెడతారు. ముందు పెట్టాల్సింది ప్రకటనలో కనిపించని వాటి మీద అని నా వాదన. ఇంకా సూటిగా చెప్తే, బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ కొనకండి. గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్ తీసుకుని, మిగిలిన డబ్బు ఎస్ఎంపీఎస్‌కి (గోడ కరెంటుని సిస్టమ్‌కి కావాల్సిన వోల్టులకి మార్చే పెట్టె), రెండు ర్యామ్ స్టిక్కులకి, మంచి మానిటర్‌కి పెట్టండి.

పేరుకే కార్డ్

జీటీ 730 ఇంకా కొత్త డబ్బాలో అమ్ముడుపోతోందంటే కారణం ఆ "4 జీబీ" అనే అంకె. జనం జీబీలు చూసి కార్డ్ బలాన్ని అంచనా వేస్తారు. ఈ కార్డుల్లో చాలావాటికి ఉండేది పాత డీడీఆర్3 మెమరీ, అదీ 64 బిట్ల దారిలో. గోడౌన్ పెద్దదే, తలుపు మాత్రం ఒక్క మనిషి దూరేంత. ఈ కార్డుల్లో కెప్లర్ అనే పాత చిప్ డిజైన్ ఉన్నవాటికి, ఆ చిప్ తయారుచేసే ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు (కొత్త ఆటలకి కార్డ్‌ని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం 2021లోనే ఆపేసింది.

ఇప్పుడు ఏఎండీ వాళ్ళ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ చూడండి. 2021లో వచ్చింది, ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. లోపలే వేగా గ్రాఫిక్స్ ఉంది. జీటీ 730 కంటే చాలా ముందుంటుంది. సెట్టింగులు తగ్గించుకుంటే వాలరెంట్ ఫుల్ హెచ్‌డీలో హాయిగా నడుస్తుంది. జీటీఏ 5 పీసీ మీద 2015లో వచ్చిన ఆట కాబట్టి అదీ ఆడుకోవచ్చు. గత రెండు మూడేళ్ళలో వచ్చిన భారీ ఆటలు మాత్రం ఆడలేరు, ఆ మాట ముందే చెప్పేయాలి. ఆటల గొడవే లేకపోతే ఇంటెల్ ఐ3-12100 ఆఫీసు పనికి భేషుగ్గా సరిపోతుంది. దాని లోపలి గ్రాఫిక్స్ మాత్రం ఆటల దగ్గర చతికిలబడుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు ఒక షాపులో కొటేషన్ రాయించాను. నేను 5600జీ అంటే కౌంటర్ దగ్గరున్న కుర్రాడు "రైజెన్ 5 5500 తీసుకోండి సార్, అదే ఆరు కోర్లు, రేటు తక్కువ" అన్నాడు. 5500లో గ్రాఫిక్స్ లేదు. అది తీసుకుంటే తెర మీద బొమ్మ రావాలన్నా కార్డ్ కొనాల్సిందే. ఆ కార్డ్ ఏదని అడిగితే జీటీ 730 డబ్బా చూపించాడు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిదీ ఇదే కథ. కుర్రాడిది మోసమని నేను అనను. "కార్డ్ ఉందా?" అని అడిగే కస్టమర్లే పదిమందిలో తొమ్మిది మంది. వాళ్ళు అడిగింది అతను అమ్ముతున్నాడు.

రెండు స్టిక్కుల గొడవ

అదే కొటేషన్‌లో ర్యామ్ "16 జీబీ x 1" అని రాశాడు. "ఒక స్లాట్ ఖాళీగా ఉంటుంది సార్, తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు." వినడానికి బాగుంది. విడిగా కార్డ్ ఉన్న సిస్టమ్ అయితే నేనూ పెద్దగా పట్టించుకోను. కానీ లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, అది ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200 స్టిక్కు ఒక్కటే ఉంటే సెకనుకి 25.6 జీబీ దారి, రెండుంటే 51.2. ఎక్సెల్ తెరిస్తే ఈ తేడా తెలియదు. ఆటలో తెలుస్తుంది, ఆటే కాస్త తడబడుతూ నడుస్తుంది. మొత్తం జీబీలు అవే అయినా 8, 8 వేయించుకోండి. కొటేషన్ మీద ఆ ఒక్క గీత మార్పించడానికి నేను ఆ షాపులో పడిన వాదన, మొత్తం బేరం మీద కూడా పడలేదు.

ర్యామ్ రేట్ల సంగతి తలుచుకుంటేనే టెన్షన్. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోవడం మొదలుపెట్టాక, అంతకుముందు రెండు వేల లోపు దొరికిన 8 జీబీ డీడీఆర్4 స్టిక్కు రేటు 2025 చివరికి రెండింతలు దాటింది. ఆ డిసెంబరులోనే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండుతో మనలాంటి మామూలు కొనుగోలుదారులకి ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. "కొత్త తరం ఏఎం5 బోర్డ్, రైజెన్ 5 8600జీ తీసుకుంటే ముందు ముందు మార్చుకోవడానికి వీలుంటుంది కదా?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర గట్టి సమాధానం లేదు, వాళ్ళు చెప్పేది నిజమే. 8600జీ లోపలి గ్రాఫిక్స్ కూడా 5600జీ కంటే బాగా మెరుగు. కానీ దానికి డీడీఆర్5 తప్పనిసరి. ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మూడూ పెరిగితే మానిటర్ దగ్గర కోత పడుతుంది. రోజుకి పదేసి గంటలు ఎక్సెల్ గళ్ళు చూసే మనిషి కళ్ళని తాకట్టు పెట్టి ఎప్పుడో మార్చబోయే ప్రాసెసర్‌కి దారి వేయడం నాకు నచ్చలేదు. 24 ఇంచుల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు మారని రకం) మానిటర్‌కే ఓటేశాను.

సిస్టమ్ ఇంటికెళ్ళిన రోజు రాత్రి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, 16 అన్నావు, ఇక్కడ 13.9 అని చూపిస్తోంది. షాపువాడు మనకి టోపీ పెట్టాడా?" గ్రాఫిక్స్ కోసం బయోస్‌లో, అంటే బోర్డ్ సెట్టింగుల్లో, 2 జీబీ పక్కన పెట్టాం, పోయిందేమీ లేదు అని చెప్పాను. నమ్మినట్టే ఉన్నాడు గానీ, మర్నాడు వాళ్ళమ్మాయితో క్యాబినెట్ తెరిపించి రెండు స్టిక్కుల మీదా 8 అని ఉందో లేదో చూపించుకున్నాడు. ట్యాక్స్ మనిషి, లెక్క తేలాలి.

వాట్లు కాదు విషయం

ఎస్ఎంపీఎస్ దగ్గర నాకు ఎదురైన వాదన ఆ అమ్మాయిదే. మామూలు షాపుల్లో క్యాబినెట్‌తో పాటే ఒక ఎస్ఎంపీఎస్ వస్తుంది, విడిగా అయితే ఏడెనిమిది వందలు. నేను మూడున్నర వేల పైచిలుకు పెట్టి 550 వాట్లది వేయించమన్నాను. చవక రకం ఒకదాని ఫొటో తీసి పంపింది. పైన పెద్దక్షరాల్లో 450 వాట్స్. కింద చిన్న పట్టిక, అందులో 12 వోల్టుల గడిలో (ప్రాసెసర్, కార్డ్ తాగేది దీన్నుంచే) 14 ఆంపియర్లు. గుణిస్తే 168 వాట్లు. "450 కాదని నాకూ అర్థమైంది మామయ్యా. కానీ మన ప్రాసెసర్ గట్టిగా తాగినా 88 వాట్లు. కార్డ్ లేదు. 168 సరిపోతుంది కదా?"

లెక్క ప్రకారం సరిపోతుంది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అంతేకాదు, మా అన్నయ్య ఇంట్లో అలాంటి చవక ఎస్ఎంపీఎస్‌తో ఒక సిస్టమ్ ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంది. చవకవన్నీ పేలిపోతాయని భయపెట్టేవాళ్ళ మాట నేను నమ్మను. అయినా డబ్బు పెట్టమని ఎందుకన్నానంటే వాట్ల కోసం కాదు, మన కరెంటు కోసం.

ఎండాకాలం సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక వోల్టేజీ ఎంతకి పడిపోతుందో ఖమ్మం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మంచి ఎస్ఎంపీఎస్‌ల్లో చాలావి 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదొచ్చినా పని చేస్తాయి. చవకదానికి వెనక 115, 230 అని ఒక ఎర్ర స్విచ్ ఉంటుంది చూడండి, అది 230 దగ్గరుండగా వోల్టేజీ బాగా పడిపోతే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది, సగం కొట్టిన ఎంట్రీ గాల్లో కలుస్తుంది. రెండోది ఇన్వర్టర్. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో మంచి ఎస్ఎంపీఎస్ పదహారు, పదిహేడు మిల్లీసెకన్లు తనలో దాచుకున్న కరెంటుతో నెట్టుకొస్తుంది. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే అది అందుకోవడం ఆలస్యమవుతుంది, ఏ ఎస్ఎంపీఎస్సూ అంతసేపు తట్టుకోలేదు. ముందు ఆ స్విచ్ మార్చండి, దానికి పైసా ఖర్చు లేదు. మూడోది, ఏదైనా తేడా వచ్చినప్పుడు తనంతట తాను ఆగిపోవడం. ఈ రక్షణ లేనిది చచ్చిపోతూ మదర్‌బోర్డ్‌ని కూడా వెంట తీసుకుపోవచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకి అలాగే అయింది. ఎస్ఎంపీఎస్ దగ్గర మిగుల్చుకున్నదానికి రెట్టింపు బోర్డ్ దగ్గర పోయింది.

పెట్టె మీద 80 ప్లస్ బ్రాంజ్ అని ఉంటే చాలనుకునేవాళ్ళకి ఒక మాట. అది కరెంటుని ఎంత వృథా చేయకుండా వాడుతుందో చెప్పే గుర్తు మాత్రమే. లోపలి రక్షణల గురించి ఏమీ చెప్పదు. వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నాడో చూడండి, 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. కుదిరితే చేత్తో ఎత్తి చూడండి, మరీ తేలిగ్గా ఉంటే అనుమానించండి. ఇది శాస్త్రీయం కాదు, కానీ నాకు బాగా పనికొచ్చింది.

ఇంకో చిన్న సంగతి. క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందని చాలామంది అంటారు, ఎస్ఎంపీఎస్ పాడైందని మార్చేస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు, గోడలో మూడో పిన్నుకి ఎర్త్ వైరు ఉండదు. టెస్టర్ క్యాబినెట్‌కి ఆనిస్తే వెలుగుతుంది. బావమరిది ఆఫీసులోనూ అదే పరిస్థితి. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ సరి చేయించాకే సిస్టమ్ ఆన్ చేయనిచ్చాను.

"తర్వాత" ఎప్పుడొస్తుంది?

నా వాదనలో అసలు బలహీనత ఎక్కడుందో ఆ అమ్మాయే పట్టుకుంది. "తర్వాత కార్డ్ కొనొచ్చు అంటావు. మా ఇంట్లో తర్వాత అన్నది ఎప్పుడైనా వచ్చిందా మామయ్యా?" నిజమే. మధ్యతరగతి ఇంట్లో కంప్యూటర్‌కి డబ్బు తీసేది ఒకేసారి. ఆ తర్వాత ఫీజులు, పెళ్ళిళ్ళు, బోరింగ్ రిపేర్లు వరుస కడతాయి. ఆ ఒక్క అవకాశంలోనే కార్డ్ కొనేయాలని పిల్లలు పట్టుబట్టడం మొండితనం కాదు, అనుభవం.

అందుకే ఆమె సెకండ్‌హ్యాండ్ ఆర్ఎక్స్ 580 పేరెత్తినప్పుడు వెంటనే కొట్టిపారేయలేకపోయాను. 2017 కార్డ్ అయినా వేగాకి అందనంత ముందుంటుంది. కానీ 185 వాట్లు తాగుతుంది, వాటిలో చాలా కార్డులు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్ళు అరిగినవి, వారంటీ ఉండదు, అదే పేరుతో కొన్ని కోర్లు తగ్గించిన 2048ఎస్‌పీ రకం కూడా తిరుగుతోంది. సొంతంగా క్యాబినెట్ విప్పి తిప్పలు పడగలిగేవాళ్ళకి అది మంచి బేరమే. జులై నెలాఖరు రిటర్నుల మధ్యలో తెర నల్లబడితే అరిచే మనిషి ఆఫీసుకి మాత్రం కాదు.

కాబట్టి "తర్వాత" రాదనే అనుకుని లెక్క వేయాలి. కార్డ్ ఎప్పటికీ కొనకపోయినా ఆ సిస్టమ్ నాలుగైదేళ్ళు ఆఫీసు పనికి తడుముకోకుండా పనికిరావాలి, అమ్మాయి కోరుకున్న రెండు ఆటలూ నడవాలి. 5600జీ ఆ పరీక్షలో పాసవుతుంది. జీటీ 730 పెట్టిన ఐ7 రెండింట్లోనూ తప్పుతుంది. సింగిల్ స్టిక్కు, చవక ఎస్ఎంపీఎస్ పెట్టి మిగిల్చిన డబ్బుతో ఓ మోస్తరు కార్డ్ కొన్న సిస్టమ్ ఆటల్లో గెలుస్తుంది, కానీ నడిచినన్నాళ్ళే.

ఆటలే వద్దనుకునేవాళ్ళకి ఇదంతా అనవసరమని కూడా చెప్పాలి. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో ఆఫీసు డెస్క్‌టాపులు, ఎనిమిదో జనరేషన్ ఐ5 నుంచి పైవి, రిఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. ట్యాలీకి, బ్రౌజర్‌కి వాటిని మించిన బేరం లేదు. నేను కట్టించే ఏ సిస్టమూ ఆ రేటుకి రాదు. చిక్కల్లా, వాటిలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ కనెక్టర్లు, బోర్డ్ కొలతలు సొంత పద్ధతిలో ఉంటాయి. ఏదైనా పోతే వీధి చివర షాపులో దొరకదు. సన్న క్యాబినెట్ అయితే పొట్టి కార్డులు తప్ప పట్టవు. బావమరిదికి ఇదే చెప్పాను కూడా. అమ్మాయితో ఒప్పందం లేకపోతే అదే కొనేవాడు.

5600జీని కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. మామూలు 5600తో పోలిస్తే దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ) సగం, 32కి బదులు 16 ఎంబీ. పీసీఐఈ, అంటే కార్డ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి, కూడా మూడో తరం దగ్గరే ఆగిపోతుంది. ఎప్పుడైనా కార్డ్ పెడితే ఈ రెండూ కాస్త అడ్డుపడతాయి. ఈ మధ్యే ఆ అమ్మాయి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో సెకండ్‌హ్యాండ్ ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చూసి లింక్ పంపింది. వద్దన్నాను. ఆ కార్డ్‌కి ఆ దారిలో ఉన్నవి నాలుగే లేన్లు (వరసలు). నాలుగో తరం స్లాట్‌లో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, మన మూడో తరం స్లాట్‌లో చాలా నష్టపోతుంది. ఆర్ఎక్స్ 6600 అయితే ఎనిమిది లేన్లు, 132 వాట్లు, వారంటీ మిగిలున్నది దొరికితే ఆలోచించమన్నాను. దానికి ఎనిమిది పిన్నుల కేబుల్ కావాలి కదా, మనకుందా అని అడిగింది. మనం వేయించిన ఎస్ఎంపీఎస్‌కి ఉంది. క్యాబినెట్‌తో వచ్చే దానికైతే ఉండేది కాదు.